గాలి తీసేస్తే... కారు కదులుతుందా?

పంచరు కాని టైరు! కారున్న ప్రతి ఇంట్లోనూ వినసొంపుగా ఉండే మాట ఇది. హైదరాబాద్ నుంచి బెంగళూరు వెళ్లే 44వ నంబరు జాతీయ రహదారి మీద, నంద్యాల జిల్లాలో డోన్ దాటి ప్యాపిలి వైపు వెళ్తున్నప్పుడు ఈ మాట విలువ ఇంకా బాగా తెలుస్తుంది. పక్కనుంచి లారీలు దూసుకుపోతుంటాయి. నెత్తిన ఎండ. పిల్లల్నీ పెద్దవాళ్లనూ రోడ్డు పక్కన దింపి, డిక్కీలోని సామానంతా బయటపెట్టి, అడుగునున్న స్టెప్నీ తీసి, జాకీ ఎక్కించి, బిగుసుకుపోయిన నట్లు విప్పి... ఆ అరగంట ఎవరికీ రాకూడదనిపిస్తుంది. పెద్ద రోడ్డు దిగి పల్లె దారి పట్టారా, కంపముళ్లు కాచుకుని ఉంటాయి.

మరి టైరులో అసలు గాలే లేకపోతే? పంచరు ఉండదు. పేలడం ఉండదు. స్టెప్నీ, జాకీ, గాలి కొట్టించుకోవడం... ఏవీ అక్కర్లేదు. పక్కగోడల స్థానంలో పుల్లల్లాంటివి అమర్చి, అటు నుంచి చూస్తే ఇటు కనిపించే టైర్ల బొమ్మలు చాలామంది చూసే ఉంటారు. అవి ఊహాచిత్రాలు కావు. నిజంగానే తయారయ్యాయి, నిజంగానే రోడ్డెక్కాయి. కానీ, మన ఇంటిముందున్న కారుకు అవి పనికొస్తాయా? ఇప్పటికైతే లేదనే చెప్పాలి. ఎందుకు లేదో తెలుసుకుంటే ఇప్పుడున్న టైర్ల గురించే బోలెడు సంగతులు తెలుస్తాయి. ప్రాణాలు కాపాడే సంగతులు!

ఎద్దులబండిది గాలి లేని చక్రమే

నిజానికి గాలి లేని చక్రం మనకేమీ కొత్త కాదు. మన తాతల ఎద్దులబండ్లకు ఉన్నది అదే. మధ్యలో ఇరుసు, చుట్టూ చెక్క ఆకులు, పైన ఇనుప పట్టా. ముల్లు గుచ్చుకుంటే భయం లేదు. మేకు ఎక్కినా లెక్క లేదు. అయితే దాని మీద పదిమైళ్లు ప్రయాణం చేస్తే నడుము సంగతి ఏమయ్యేదో ఆ తరంవాళ్లను అడిగితే చెబుతారు. రబ్బరు చక్రాల 'టైరు బండి' వచ్చాక అవే ఎద్దులు ఎక్కువ బరువును తేలిగ్గా లాగాయి. మెత్తని నేలలో చక్రం కూరుకుపోవడమూ తగ్గింది.

లోకమంతటా జరిగింది ఇదే. గాలి నింపిన చక్రానికి 1845లోనే పేటెంటు తీసుకున్నాడు స్కాట్లండ్‌కు చెందిన రాబర్ట్ విలియం థామ్సన్. గుర్రబ్బండ్ల కోసం చేసిన ఆ చక్రం అప్పట్లో వాడుకలోకి రాలేదు. బెల్‌ఫాస్ట్‌లో పశువుల డాక్టరుగా ఉన్న జాన్ బాయిడ్ డన్‌లప్ 1888లో దాన్ని మళ్లీ కనిపెట్టాడు. కొడుకు మూడుచక్రాల సైకిలు గతుకుల్లో ఎగిరెగిరి పడుతోందని మొదలుపెట్టిన పని అది. 1895లో ఫ్రాన్స్‌కు చెందిన మిష్లిన్ సోదరులు పారిస్ నుంచి బోర్డో వెళ్లి తిరిగొచ్చే కార్ల పోటీలో గాలి టైర్లున్న కారును దింపారు. దారి పొడవునా పంచర్లే! అయినా గాలి మీద కారు నడుస్తుందని లోకానికి తెలిసింది.

అంటే గట్టి చక్రంతో విసిగిపోయే మనిషి గాలిని ఎంచుకున్నాడు. పంచరన్నది ఆ సుఖానికి కట్టే సుంకం. మనం అలవాటుగా అనే స్టెప్నీ కూడా ఆ సుంకం తెచ్చిన మాటే. 1904లో బ్రిటన్‌లోని వేల్స్ ప్రాంతంలో, లనెల్లీ పట్టణపు స్టెప్నీ వీధిలో అదనపు చక్రాన్ని తయారుచేశారు. ఆ వీధి పేరే మన ప్యాపిలి దాకా వచ్చింది.

అరచేతంత చోటు

గాలి చేసే పని ఎంతటిదో చిన్న లెక్కతో తెలుస్తుంది. మనుషులతో కలిపి ఒక చిన్న కారు బరువు 1,200 కిలోలు అనుకుందాం. ఒక్కో చక్రం మీద 300 కిలోలు. టైరులో 32 పీఎస్‌ఐ గాలి ఉందంటే చదరపు సెంటీమీటరుకు సుమారు రెండుంపావు కిలోల ఒత్తిడి. 300 కిలోలు మోయాలంటే టైరు నేలకు ఆనే చోటు దాదాపు 133 చదరపు సెంటీమీటర్లు ఉండాలి. అంటే అటూ ఇటూగా ఒక అరచేయి! నలుగురి కుటుంబం గంటకు 100 కిలోమీటర్ల వేగంతో వెళ్తున్నప్పుడు వాళ్లకూ రోడ్డుకూ ఉన్న సంబంధం ఆ నాలుగు అరచేతులే.

ఆ అరచేతి మీద బరువును సమంగా పరిచేది గాలి. గతుకు వస్తే నొక్కుకుని, మళ్లీ పొంగేదీ గాలే. దానికి దాదాపు బరువు లేదు, ఖరీదు లేదు, ఎన్నిసార్లు నొక్కినా అరగదు. బరువు పెరిగితే నాలుగు పీఎస్‌ఐ ఎక్కువ కొట్టించుకోవచ్చు, తగ్గితే తీసేయొచ్చు. ఇన్ని పనులు చేసే స్ప్రింగును ఇంత చవగ్గా ఇంకెవరూ చేయలేకపోయారు. గాలి లేని టైరు పోటీపడాల్సింది పంచరుతో కాదు... ఈ స్ప్రింగుతో!

ఇరవై ఏళ్ల ప్రయత్నం

పోటీ గట్టిగానే సాగింది. మిష్లిన్ సంస్థ 2005లో 'ట్వీల్' పేరుతో ఒక చక్రాన్ని లోకానికి చూపించింది. టైరు, చక్రం రెండూ కలిసిపోయి ఉంటాయి. మధ్యలో గాలికి బదులు ప్లాస్టిక్ లాంటి పాలీయురథేన్ పదార్థంతో చేసిన పుల్లలు బరువు మోస్తాయి. ఎద్దులబండి చక్రపు ఆకులే అనుకోండి. కాకపోతే ఇవి వంగుతాయి. చిక్కల్లా వేగం దగ్గర వచ్చింది. గంటకు 80 కిలోమీటర్లు దాటితే తొలినాటి ట్వీల్ విపరీతంగా అదిరింది, మోత పెట్టింది. దాంతో దాన్ని కార్లకు కాకుండా నెమ్మదిగా నడిచే యంత్రాలకు మళ్లించారు. 2014లో అమెరికాలోని సౌత్ కరోలినా రాష్ట్రంలో వాటికోసం ప్రత్యేకంగా కర్మాగారమే పెట్టారు. చిన్న లోడర్లకు, గడ్డికోత యంత్రాలకు ఆ చక్రాలు బాగా కుదిరాయి.

2019లో అదే సంస్థ జనరల్ మోటార్స్‌తో కలిసి 'అప్టిస్' అనే మరో రకాన్ని ప్రకటించింది. ఈసారి గురి కార్ల మీదే. గాజు నార కలిపిన గట్టి పదార్థంతో పుల్లలు చేశారు. 2024 నాటికి మామూలు కార్లకు తేవాలన్నది అప్పట్లో చెప్పిన లక్ష్యం. 2023లో సింగపూర్‌లో పార్శిళ్లు చేరవేసే డీహెచ్ఎల్ వ్యాన్లకు అవి ఎక్కాయి. తర్వాతి ఏడాది ఫ్రాన్స్ తపాలా సంస్థ వ్యాన్ల వంతు. గుడ్‌ఇయర్, బ్రిడ్జ్‌స్టోన్, హాంకుక్ లాంటి సంస్థలూ తమ తమ నమూనాలు చూపించాయి. 2021లో అమెరికాలోని జాక్సన్‌విల్ నగరంలో డ్రైవరు లేకుండా నడిచే చిన్న బస్సుకు గుడ్‌ఇయర్ ఈ రకం టైర్లు తొడిగింది.

2024 వచ్చింది, వెళ్లింది. ఈ టైర్లతో మామూలు కుటుంబాలు కొనుక్కునే కారు మాత్రం ఆ ఏడాది షోరూముకు రాలేదు. పార్శిలు బండ్లు, తపాలా బండ్లు, చిన్న బస్సులు... ఎక్కిన వాహనాలన్నింటినీ వరసగా చూస్తే ఒక సంగతి అర్థమవుతుంది. ఇవన్నీ ఊళ్లో తిరిగేవి. రోజూ ఒకే దారి, సాయంత్రానికి సొంత షెడ్డు, చూసుకోవడానికి మెకానిక్కు. నాలుగువందల కిలోమీటర్లు ఏకబిగిన పరుగెత్తే బండ్లు కావు.

రెండు కోట్ల వంపులు

ఇబ్బంది ఎక్కడుంది? మొదటిది అలసట. చిన్న కారు చక్రం ఒక్కసారి తిరిగితే దాదాపు 1.85 మీటర్లు ముందుకెళ్తుంది. గంటకు 100 కిలోమీటర్ల వేగంలో సెకనుకు 15 సార్లు తిరగాలి. తిరిగిన ప్రతిసారీ ప్రతి పుల్లా నేలవైపు వచ్చినప్పుడు వంగి, పైకి వెళ్లేటప్పుడు నిటారుగా అవ్వాలి. 40,000 కిలోమీటర్లు నడిచేసరికి ఒక్కో పుల్ల రెండు కోట్లసార్లకు పైగా వంగి లేస్తుంది. ఒక ఇనుప తీగను పదిసార్లు అటూ ఇటూ వంచితే ఏమవుతుందో తెలుసుగా? పుల్లల్లో వాడే పదార్థాలు తీగకన్నా ఎంతో ఓర్చుకుంటాయి. అయినా ఏళ్ల తరబడి, ఎండలో, పూర్తి బరువుతో, వేగంగా... పరీక్ష చిన్నది కాదు.

రెండోది వేడి. వంగి లేచిన ప్రతిసారీ కొంత శక్తి వేడిగా పోతుంది. మామూలు టైర్లలోనూ ఇది ఉంది. కారు తాగే ఇంధనంలో దాదాపు ఐదో వంతు టైర్ల దొర్లుడుకే పోతుందని అంచనా. ఈ పుల్లలు ఇంకాస్త ఎక్కువ వేడెక్కితే ఆ మేరకు పెట్రోలు ఖర్చూ పెరుగుతుంది. కర్నూలు, నంద్యాల ప్రాంతాల్లో మే నెలలో 42, 43 డిగ్రీలన్నది ఏటా చూసేదే. తారురోడ్డు అంతకన్నా ఎక్కువగా కాలుతుంటుంది. చల్లటి దేశాల్లో నెగ్గిన చక్రం ఇక్కడా నెగ్గాలి.

మూడోది మట్టి. పుల్లల మధ్య ఖాళీ ఉంటుంది. వానాకాలంలో నల్లరేగడి బంక అందులో చేరి గట్టిపడిందనుకోండి, చక్రం ఒకవైపు బరువెక్కుతుంది. ఊళ్లో తిరిగేటప్పుడు తెలియకపోవచ్చు. రహదారి ఎక్కి వేగం పెంచగానే స్టీరింగు వణుకుతుంది. చిన్న కంకర ఇరుక్కున్నా చిక్కే. పక్కలకు మూత పెడితే మట్టి చేరదు కానీ, వేడి బయటకు పోవడం కష్టమవుతుంది.

నాలుగోది బరువు లెక్క. మన కారు సోమవారం ఒక్కడితో ఆఫీసుకు వెళ్తుంది. ఆదివారం ఐదుగురితో, పైన బియ్యం మూటతో ఊరెళ్తుంది. గాలి టైరయితే అందుకు తగ్గట్టు సర్దుకోవచ్చు. పుల్లల గట్టిదనం కర్మాగారంలోనే ఖాయమైపోతుంది. ఐదుగురికి సరిపోయేలా చేస్తే ఒక్కడున్నప్పుడు ఎత్తేస్తుంది.

చివరిది చట్టం. మన దేశంలో వాహనాల టైర్ల నాణ్యత మీద కేంద్రం 2009లో ఇచ్చిన ఉత్తర్వు పేరులోనే 'గాలి నింపే టైర్లు' అని ఉంది. అమెరికాలో కార్ల టైర్ల నిబంధనదీ అదే తీరు. గాలే లేని టైరును ఏ కొలతలతో పరీక్షించాలో ముందు తేలాలి. కర్మాగారాల సంగతీ ఉంది. సదాశివపేటలో ఎంఆర్ఎఫ్, తిరుపతి జిల్లా చినపాండూరులో 2020లో మొదలైన అపోలో... ఇలాంటి చోట్ల ఉన్న కోట్ల రూపాయల యంత్రాలు గాలి టైర్ల కోసం పెట్టినవి. పుల్లల చక్రానికి వేరే యంత్రాలు కావాలి. ఆ ఖర్చంతా చివరికి పడేది కొనేవాడి మీదే.

ఎక్కడ పనికొస్తాయి?

అలాగని ఈ ప్రయత్నమంతా దండగ అనుకోనక్కర్లేదు. పంచరు పడితే పోయే డబ్బు, ప్రయాణ సుఖం కన్నా ఎక్కువైన ప్రతిచోటా గాలి లేని చక్రానికి చోటుంది. బండరాళ్ల మధ్య తిరిగే లోడరుకు టైరు చీలితే రోజు కూలి పోతుంది. గోదాముల్లో తిరిగే ఫోర్క్‌లిఫ్టులకు గట్టి రబ్బరు టైర్లు ఎప్పట్నుంచో ఉన్నాయి. ఆసుపత్రిలో చక్రాల కుర్చీ నున్నని గచ్చు మీదే నడుస్తుంది కాబట్టి గాలి లేకున్నా దానికి ఇబ్బంది లేదు. ఇక 1971లో అపోలో 15 వ్యోమగాములు చందమామ మీద నడిపిన బండికి ఉన్నవి ఉక్కు తీగల అల్లిక చక్రాలు. అక్కడ పంచరు పడితే షాపు ఎక్కడుంది మరి!

మనకు మాత్రం ఉంది. డోన్, ప్యాపిలి, గుత్తి... ఈ దారిలో ఏ ఊరి మొగదలకు వెళ్లినా వేలాడే పాత టైరే బోర్డుగా ఒక పంచరు షాపు కనిపిస్తుంది. ఒక కంప్రెసరు, నీళ్ల తొట్టి, నాలుగు పనిముట్లు. అంతే పెట్టుబడి. గాలి లేని టైర్లు ఇంటింటికీ వచ్చిన రోజున మొదట కుదేలయ్యేది ఆ కుటుంబాలే. అది ఇప్పుడిప్పుడే జరిగేది కాకపోయినా, కొత్త సదుపాయం గురించి మాట్లాడేటప్పుడు మరచిపోకూడని లెక్క.

పంచరు కాదు... పేలుడే శత్రువు

అసలు ట్యూబ్‌లెస్ టైర్లు వచ్చాక పంచరు భయం చాలావరకు తగ్గిపోయింది. మేకు దిగినా గాలి ఒక్కసారిగా పోదు. మెల్లగా దిగుతుంది. దగ్గర్లోని షాపు దాకా వెళ్లే వ్యవధి చాలాసార్లు దొరుకుతుంది. ట్యూబ్‌లెస్ టైర్లు, గాలి తగ్గితే హెచ్చరించే పరికరం, మరమ్మతు కిట్టు ఉన్న కార్లకు స్టెప్నీ లేకపోయినా ఫర్వాలేదని 2020లో కేంద్రం నిబంధనే సడలించింది.

రహదారి మీద ప్రాణం తీసేది పంచరు కన్నా టైరు పేలడం. పేలుడుకు ప్రధాన కారణాల్లో ఒకటి గాలి తక్కువ కావడం. ఇక్కడే మనలో చాలామంది తప్పు చేస్తున్నారు. ఎండాకాలం గాలి కొట్టే చోట తరచూ వినిపించే సంభాషణ ఇది.

"ఎంత కొట్టల్లన్నా?"

"ఎండలు కదప్పా... రెండు తక్కువే కొట్టు. పేలిపోతాది లేకుంటే."

నిజం దీనికి సరిగ్గా వ్యతిరేకం. వేడికి టైరులో గాలి ఒత్తిడి పెరిగే మాట వాస్తవమే. ఐదారు డిగ్రీలకు ఒక పీఎస్‌ఐ చొప్పున పెరుగుతుంది. 20 డిగ్రీలు వేడెక్కినా మూడునాలుగు పీఎస్‌ఐ. 33 కాస్తా 37 అవుతుంది. ఆ మాత్రం పెరుగుతుందని లెక్కవేసుకునే టైరును తయారుచేస్తారు. చాలా కారు టైర్ల పక్కగోడ మీద గరిష్ఠ ఒత్తిడి 44 అనో 51 అనో రాసి ఉంటుంది. అదే గాలి తగ్గిస్తే? టైరు చతికిలబడి, పక్కగోడ ప్రతి తిరుగుడులో ఎక్కువగా వంగుతుంది. వంగిన కొద్దీ వేడి, వేడెక్కిన కొద్దీ లోపలి పొరలు విడిపోవడం. గాలి లేని టైరుకు పుల్లలు తెచ్చిపెట్టే కష్టమే గాలి తగ్గిన టైరుకు పక్కగోడ తెచ్చిపెడుతుంది. ఎండకు భయపడి గాలి తగ్గించడమంటే పేలుడును పిలిచి కూర్చోబెట్టడమే!

ఐదు నిమిషాల పని

పంచరు కాని టైరు కోసం ఎదురుచూసే లోపు ఉన్న టైర్లను కాపాడుకోవడానికి ఇవి చాలు.

* పదిహేను రోజులకోసారి, దూర ప్రయాణానికి ముందు తప్పకుండా గాలి చూపించాలి. బండి చల్లగా ఉన్నప్పుడే చూడాలి. దూరం నడిచి వేడెక్కిన టైరు నుంచి గాలి తీయించకూడదు.

* ఎంత కొట్టించాలో డ్రైవరు వైపు తలుపు తీస్తే కనిపించే స్టిక్కరు మీద ఉంటుంది. నిండా మనుషులు, సామాను ఉంటే వేరే అంకె ఇస్తారు. టైరు మీద రాసి ఉండేది గరిష్ఠ ఒత్తిడి. దాన్ని కొలమానంగా తీసుకోకూడదు.

* స్టెప్నీలోనూ గాలి చూపించాలి. ఏడాదిగా డిక్కీలో పడుకున్న స్టెప్నీ అవసరానికి చప్పబడిపోయి కనిపించడం మామూలే.

* కారు టైరు గాడుల లోతు 1.6 మిల్లీమీటర్లకు తగ్గకూడదు. గాడి అడుగున చిన్న దిమ్మెలుంటాయి. టైరు అరిగి వాటి మట్టానికి వచ్చిందంటే మార్చాల్సిందే.

* టైరు పక్కన నాలుగంకెల సంఖ్య ఉంటుంది. 3523 అంటే 2023లో 35వ వారం తయారైందని. సగం ధరకు వచ్చే పాత టైరు కొనేముందు ఈ అంకె చూడాలి. గాడులు లోతుగా ఉన్నా రబ్బరు ముసలిదైపోయి ఉండొచ్చు.

* ప్రయాణంలో టైరు పేలితే గబుక్కున బ్రేకు తొక్కకూడదు. స్టీరింగును రెండు చేతులా గట్టిగా పట్టుకుని, యాక్సిలరేటరు మీద కాలు మెల్లగా తీసి, వేగం దానంతటదే తగ్గాక ఎడమ పక్కకు తీయాలి. అందరినీ ఎడమవైపు నుంచే దింపి, రోడ్డుకు దూరంగా నిలబెట్టాలి. జాతీయ రహదారి మీద సాయానికి 1033కు ఫోన్ చేయొచ్చు.

గాలి లేని టైరు ఏదో ఒకరోజు మన దాకా రావచ్చు. వచ్చినప్పుడు అమ్మేవాళ్లను మూడు ప్రశ్నలు అడగాలి. మన ఎండల్లో, రహదారి వేగంతో ఎన్ని వేల కిలోమీటర్లు నడిపి చూశారు? మన దేశపు నాణ్యత ముద్ర ఉందా? నాలుగు టైర్లకు అయ్యే ఖర్చు ఎన్నేళ్ల పంచర్లకు సమానం? మూడింటికీ సూటిగా జవాబు దొరికిన రోజున నిశ్చింతగా కొనుక్కోవచ్చు. అప్పటిదాకా మన బరువు మోసేది గాలే. పెట్రోలు బంకులో అది ఉచితంగా ఇవ్వాలన్నది నియమం. అడిగి కొట్టించుకోవడమే మన పని!